చెరువు తవ్వించాం, నీళ్లేవీ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీళ్లవే. నేను తిరుపతిలో ఉంటున్నా గానీ మాది పుంగనూరు వైపు పల్లె. నాన్న మూడు బోర్లు వేసి మూడూ పోగొట్టుకున్న ఇంట్లో పెరిగినదాన్ని, కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం నోరెక్కువ. అన్ని ఉత్తరాలూ వేయలేం, ఒకేలాంటివి కలిపేశాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ, అందుకని అసలు ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లం చందాలు వేసుకుని రెండు వేసవుల్లో జేసీబీ పెట్టి ఊరి చెరువులో పూడిక తీయించాం. పోయిన అక్టోబరులో వాన బాగానే పడింది, చెరువులో మాత్రం మోకాలి లోతు నీళ్లు. ఊళ్లో పెద్దోళ్లు నవ్వుతున్నారు. మా డబ్బు బూడిదలో పోసినట్టేనా?

బూడిదలో ఏం పోయలేదు తమ్ముడూ. కాకపోతే బిందె శుభ్రంగా తోమి పెట్టి కొళాయి సంగతి మరిచిపోయారు, అంతే. చెరువంటే మనకు కనిపించే గుంత ఒక్కటే గుర్తొస్తుంది. జేసీబీకి పని దొరికేదీ అక్కడే, ఫొటో దిగితే బాగుండేదీ అక్కడే. నీళ్లు మాత్రం ఎక్కడో రెండు మూడు కిలోమీటర్ల అవతల గుట్ట కింద మొదలై, ఎవరెవరి చేల గట్ల పక్కనో సన్నటి కాలువలో నడిచి రావాలి. ఆ కాలువ ఉందా పోయిందా అన్నది మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

మా అమ్మావాళ్ల ఊళ్లో ఇదే జరిగింది. చెరువు నిండి పదకొండేళ్లయింది, వానల్లేకనే అనుకున్నాం అందరం. ఒక నవంబరులో తుపాను వాన పడుతుంటే చెరువు నీళ్లు పంచే నీరుగట్టు తాతతో గొడుగేసుకుని కాలువ వెంట పైకి నడిచాను. మొదట అర కిలోమీటరు కాలువ ఉంది, ఆ తర్వాత టమోటా తోట ఉంది. కాలువేదీ తాతా అంటే చేతికర్రతో తోట మధ్యలో గాల్లో గీత గీసి చూపించాడు. ఇంకా పైకి పోతే కొత్తగా వేసిన తారు రోడ్డు, నీళ్లు దాటడానికి దాని కింద ఒకే ఒక్క సిమెంటు పైపు, అడుగు వెడల్పు కూడా లేదు. అందులో టెంకాయ పీచు, ఓ యూరియా సంచి, ఒంటి చెప్పు. రోడ్డుకు అవతల నీళ్లు నడుం లోతు నిలబడి, దారి లేక పక్కకు తిరిగి, వంకలో పడి పోతున్నాయి. మా చెరువు నీళ్లు మా కళ్ల ముందే పక్క ఊరికి పోతున్నాయి, మేమేమో పదకొండేళ్లుగా వానదేవుణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాం.

అందుకని ఈ ఏడు చందాలు వద్దు. గట్టి వాన ఉందని తెలిసిన రోజు నలుగురు బస్సెక్కి రండి, వానలోనే కాలువ వెంట నడవండి, ఎండాకాలంలో నడిస్తే ఏమీ తెలీదు. నీరుగట్టు ఇంట్లో ఎవరైనా ఉంటే వెంట తీసుకుపొండి. తూము తెరిచి మూసి ఎవరి మడికెంత నీళ్లో పంచిన మనుషులు వాళ్లు, కాగితం కన్నా వాళ్లకే బాగా తెలుస్తుంది. తర్వాత విలేజ్ మ్యాప్, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నకళ్లు తీయించి కాలువ పోరంబోకు ఎంత వెడల్పో చూసుకోండి. చెరువులూ కుంటలూ ఊరందరివీ, వాటిని కాపాడాల్సిందేనని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోనూ ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమంది. ఈ తీర్పులు జేబులో పెట్టుకోండి, కానీ మాట మాత్రం తీర్పుతో మొదలుపెట్టొద్దు. మా ఊళ్లో టమోటా తోటాయన ఇంటికి నలుగురు పెద్దమనుషులు పోయి కాఫీ తాగి మాట్లాడితే రెండు సాళ్లు వదిలాడు. రోడ్డు కింద పెద్ద పైపులు వేయించడానికి మాత్రం మూడేళ్లు పట్టింది, ఆ తిరుగుడు గురించి ఇక్కడ రాస్తే నాకు బీపీ పెరుగుతుంది.

ఇంకో రెండు ముక్కలు. కట్ట మొదట్లో మట్టి తీయనివ్వకండి, ట్రాక్టరోళ్లకు దగ్గరని అక్కడే తవ్వుతారు, కట్టకు బలం పోతుంది. తూము మట్టం కన్నా బాగా లోతుకు తవ్వితే ఆ నీళ్లు ఆయకట్టుకు పారవు, పశువులకూ చుట్టుపక్కల బోర్లకూ పనికొస్తాయి, అది తెలిసే తవ్వండి. తీసిన వండ్రు మట్టి ఇటుక బట్టీలకు పోకుండా చేలకు పోయిందా? పోతే మీ డబ్బులో సగం అప్పుడే వచ్చేసినట్టు.

పెద్దోళ్లు నవ్వుతున్నారన్నారే, వాళ్లనొక మాట అడగండి. ఏటా వేసవిలో ఇంటికో మనిషి పార పట్టుకొచ్చి కాలువలు బాగుచేసుకునే పద్ధతి ఒకటుండేది, కుడిమరామత్తు అనేవాళ్లు. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1858లో, దొరలు దానికి చట్టమే చేశారు, రానివాళ్లకు జరిమానా. ఊరు తనంతట తాను చేసుకునే పనికి చట్టం అవసరమైందంటే అప్పటికే కట్టుబాటు సడలిందనే కదా. ఆ పార పట్టుకోవడం మీ ఊళ్లో ఎప్పుడు ఆగింది, ఎందుకాగింది? నవ్వినవాళ్లే చెప్పాలి.

ప్రశ్న: బోరు పాయింటు పెట్టేటప్పుడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిస్తే అది నిలబడుతుందంటారు. నమ్మొచ్చా?

మా నాన్న మూడుసార్లు నమ్మాడు. నీళ్లు పడితే టెంకాయ గొప్పదనం, పడకపోతే మన జాతకం. జియాలజిస్టుతో చూపించుకుంటే కూడా గ్యారంటీ ఏమీ లేదు, కానీ ఆయన తప్పితే కనీసం ఎందుకు తప్పిందో చెబుతాడు.

ప్రశ్న: మదనపల్లె దగ్గర మాకు రెండెకరాలు. మా బోరు 380 అడుగులు, పదేళ్లు బాగానే పోసింది. పక్క చేను ఆయన 1,100 అడుగులు వేయించాక మాది గాలి పోస్తోంది. మా ఆయన ఇంకా లోతుకు వేద్దాం, అప్పు తెస్తానంటున్నాడు. చట్టంలో ఏదన్నా దారి ఉందా అక్కా?

ఉంది, 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి, రిగ్గులు రిజిస్టరై ఉండాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు. ఆయన అనుమతి లేకుండా వేసుంటే ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ అమ్మా, రిగ్గు ఊళ్లోకి రాత్రి పదింటికి వస్తుంది, తెల్లారేసరికి దుమ్ము తప్ప ఏమీ మిగలదు, ఆ దుమ్ము చూపించి కేసు నడపడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా.

అప్పు తేవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మన నేలంతా రాయి. పైన కొన్ని పదుల అడుగులు మెత్తబడ్డ రాయి ఉంటుంది, వాన నీళ్లు ఎక్కువగా నిలిచేది అందులోనే. ఆ కింద గట్టి బండ, దాని పగుళ్లలో మాత్రమే నీళ్లు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయే గానీ పెరగవు. 1,100 అడుగుల్లో ఆయనకు తగిలింది కొత్త గంగ కాదు, అదే పగుళ్లలోంచి జారిన మీ నీళ్లూ, ఇంకా కిందకు ఎప్పుడో చేరి దాచుకున్న కాసిన్ని నీళ్లూ. రేపు మీరు 1,300 వేస్తారు, ఆయన 1,500 అంటాడు, చివరికి నవ్వేది రిగ్గు ఓనరొక్కడే.

మన జిల్లాలోనే దీనికొక మంచి పని జరిగింది, ఇప్పుడెవరూ తలుచుకోవట్లేదు. 2003 నుంచి కొన్నేళ్లు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే పథకం నడిచింది, పొట్టిపేరు ఏపీఫామ్స్. ఉమ్మడి చిత్తూరు అందులో ఒకటి. ఆ పథకంలో కొత్త చెక్‌డ్యాములు కట్టడం ముఖ్యం కాదు. రైతులు, ఆడవాళ్లు కూడా, ఊళ్లో వానమానిని పెట్టుకుని ఎంత వాన పడిందో రాసుకునేవాళ్లు, పదిహేను రోజులకోసారి కొన్ని బోర్లలో నీటి మట్టం కొలిచి గోడ మీద రాసేవాళ్లు. రబీ ముందు అందరూ కూర్చుని భూమిలో ఎంతుంది, మనం వేయబోయే పంటలకు ఎంత కావాలి అని లెక్క కట్టేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. గోడ మీద అంకె చూసి చాలామంది తామే వరి తగ్గించుకున్నారు. ఒక ఎకరా వరికి పోసే నీళ్లతో రెండెకరాల పైన వేరుశనగ పండుతుందని రైతుకు ఎవరో చెప్పాలా, కానీ తన బోరు మట్టం తనే కొలిచినప్పుడు ఆ మాట వేరేగా వినిపిస్తుంది. పథకం అయిపోయాక చాలాచోట్ల గోడ మీద రాయడం ఆగిపోయింది. నాకు బాధ అక్కడే.

మీవైపే ఇంకొకటి కూడా చేశారు. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ వాళ్లు మదనపల్లె, అనంతపురం వైపు పల్లెల్లో రైతులతో ఒక ఆట ఆడించారు. ఐదుగురు ఆడతారు, ఒక్కొక్కరు ప్రతి రౌండులో ఒక పంట ఎంచుకోవాలి, నీళ్లు తక్కువ తాగి లాభం తక్కువిచ్చేదొకటి, ఎక్కువ తాగి ఎక్కువిచ్చేదొకటి. అందరికీ భూమిలో నీళ్లు ఉమ్మడి. ముందు ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఆడతారు, తర్వాత మాట్లాడుకుని ఆడతారు, అయ్యాక ఊరంతా కూర్చుని చర్చ. చిన్నపిల్లల ఆటలా ఉంది కదా, మీరూ మీ పక్క చేను ఆయనా పదేళ్లుగా ఆడుతున్నది ఇదే ఆట, మాట్లాడుకోకుండా.

కాబట్టి ముందు ఆయన దగ్గరకు పొండి. మీ ఆయన పోతే గొడవవుతుందనుకుంటే మీరే పొండి, ఆయన భార్యతో మొదలుపెట్టండి. ఒక బోరు, రెండు చేలు, డ్రిప్పు, కరెంటు పూట పంచుకోవడం. ఆయన ఊరికే ఎందుకిస్తాడంటారా? ఆయన బోరు కూడా నాలుగైదేళ్లలో గాలి పోస్తుందని ఆయనకూ తెలుసు. మహారాష్ట్రలో హివరే బజార్ అని ఊరుంది, ఇప్పుడు అహిల్యానగర్ అని పేరు మార్చిన అహ్మద్‌నగర్ జిల్లా, మనకన్నా వాన చాలా తక్కువ. 1990 నాటికి వలసలతో ఖాళీ అవుతున్న ఊరు. పోపట్‌రావ్ పవార్ సర్పంచయ్యాక కందకాలు, చెట్లు అన్నీ చేశారు, అవి అందరూ చేస్తారు. వాళ్లు చేసిన అసలు పని సేద్యానికి బోర్లు వద్దనుకోవడం, చెరుకూ అరటీ వద్దనుకోవడం, ఏటా గ్రామసభలో నీళ్ల బడ్జెట్ వేసుకోవడం. పవార్‌కు 2020 పద్మశ్రీ వచ్చింది. మన దగ్గర కందకాలు చూడ్డానికి ఆ ఊరికి టూర్లు పోయినవాళ్లున్నారు, బోర్లు ఆపిన సంగతి మాత్రం తిరిగొచ్చి ఎవరూ చెప్పరు.

ప్రశ్న: ఫాంపాండ్, అంటే పొలంలో వాన నీటి కుంట, తవ్వుకోమంటున్నారు. రెండెకరాల్లో దానికి చోటు పోగొట్టుకోవడం దండగ కాదా? వేరుశనగ వేస్తాం.

లెక్క చూద్దాం. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే దాదాపు 4 వేల లీటర్లు. 40 మిల్లీమీటర్ల వాన ఒకటి పడితే లక్షా 60 వేలు, అందులో పావు వంతు పరిగెత్తిపోయినా 40 వేలు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతుతో పక్కలు ఏటవాలుగా తవ్వితే లక్షా 30 వేల లీటర్లు పడుతుంది, గట్టుతో కలిపి నాలుగైదు సెంట్లు పోతుంది. ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేస్తే ఎకరాకు 25 మిల్లీమీటర్ల తడి, అంటే ఒక లక్ష లీటర్లు, ఒక్కసారి ఇవ్వొచ్చు. ఒక్కసారే. ఆ ఒక్క తడి లేక పంట మొత్తం పోయిన ఏడు మీకు గుర్తుంటే దండగ కాదు. పొలంలో పల్లం ఎక్కడుందో అక్కడే తవ్వండి, రోడ్డు పక్కన బోర్డు కనపడుతుందని తవ్వొద్దు. చుట్టూ కంచె తప్పనిసరి, పిల్లలు ఈతకు దిగుతారు.

ప్రశ్న: మాకు అరవై గొర్రెలు. ఊళ్లో కమిటీ వేసి గుట్ట మీద చెట్లు పెంచుతామని మేతకు రానివ్వడం లేదు. నీళ్ల కోసమే అంటున్నారు. నీళ్లు రైతులకు, ఆకలి మా జీవాలకా?

ఈ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ ప్రశ్నే సరైనది. గుట్ట మీద గడ్డి నిలబడితే మట్టి కొట్టుకురాదు, చెరువు పూడదు, నీళ్లు ఇంకుతాయి, ఇదంతా నిజమే. లాభం మాత్రం కింద మడి ఉన్నవాడికి, బోరు ఉన్నవాడికి. నష్టం ఏ మడీ లేని మీకు. పచ్చదనం పేరుతో మొదలైన చాలా పనులు ఇక్కడే తప్పుదారి పట్టాయి.

హర్యానాలో సుఖోమాజ్రీ అనే పల్లె కథ మీ కమిటీకి చెప్పండి. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు పూడిపోతుంటే మట్టి ఎక్కడినుంచొస్తోందని 1970ల్లో వెతుక్కుంటూ పోయారు. పైన కొండల్లో ఈ ఊరి మేకలూ పశువులూ మేసి మేసి నేల నున్నగా అయిపోయింది. మేపొద్దంటే ఎవరు వింటారు, లాభం సరస్సు ఉన్న ఊరికి, వీళ్లకేంటి? చివరికి ఊరికి చిన్న మట్టి ఆనకట్ట కట్టారు. అప్పుడొక మంచి కట్టుబాటు పెట్టుకున్నారు, ఆ నీళ్లలో ఊళ్లో ప్రతి ఇంటికీ సమాన వాటా, భూమి ఉన్నా లేకపోయినా. భూమి లేనివాళ్లు తమ వాటా అమ్ముకోవచ్చు. దానితో ఎవరూ కాపలా కాయక్కర్లేకుండానే కొండ మీద మేత ఆగింది, గడ్డి పెరిగింది, ఆ గడ్డి కోసుకుని ఇంటి దగ్గర గేదెల్ని మేపుకున్నారు.

గొర్రెలకు కోసి వేయడం గేదెలంత సులువు కాదు, తెలుసు. అందుకని మీరు అడగాల్సింది ఇది. గుట్ట మొత్తం ఒకేసారి మూయొద్దు, మూడు ముక్కలు చేసి ఒక ముక్క మూయండి, గడ్డి నిలబడ్డాక అది తెరిచి ఇంకోటి మూయండి. మూసిన ముక్కలో గడ్డి కోసుకునే హక్కు ముందు గొర్రెలోళ్లకు. చెరువు నిండితే చేపల పాటలో వచ్చే డబ్బులో మీకూ వాటా. కమిటీలో మీవాళ్లు ఇద్దరు, సంతకం పెట్టడానికి కాదు, మాట్లాడటానికి. మీ వైపు నుంచి కూడా ఒకటి ఒప్పుకోవాలి అన్నా, కొత్త గడ్డి వస్తుందని వేసవిలో గుట్టకు నిప్పు పెట్టడం ఆపాలి. పెట్టేది మీరు కాకపోవచ్చు, పేరు మాత్రం మీకే వస్తోంది.

ప్రశ్న: తిరుపతిలో అపార్ట్‌మెంటులో ఉంటాం. వేసవిలో ట్యాంకరు, నవంబరులో సెల్లారులో నీళ్లు. ఊరివాళ్లకైతే చెరువులున్నాయి, మేమేం చేయగలం?

మీకూ ఉండేవి, వాటి మీదే చాలామంది కాపురం. 2021 నవంబరు గుర్తుందా? స్వర్ణముఖి ఒడ్డు దాటింది, ఇటు రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడిందని కింది పల్లెల వాళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. మా ఆడపడుచు వాళ్లు కొండపక్కకు పోయి రెండు రోజులు స్కూల్లో ఉన్నారు. కరువు సీమ అని పేరు, చెరువు తెగుతుందేమోనని టెన్షన్. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లతో ఒక్కసారే పడుతుంది, పట్టుకునే చోట్లు పూడ్చేస్తే ఇదే జరుగుతుంది.

వెయ్యి చదరపుటడుగుల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్ల పైనే. మీ అపార్ట్‌మెంటు పైకప్పు ఎంతో లెక్కేసుకోండి. డాబా పైపులను రోడ్డు మీదకు వదలకుండా గులకరాళ్లు, ఇసుక వేసిన ఇంకుడు గుంతలోకి తిప్పండి, ఏటా సెప్టెంబరులో ఇసుక మార్చండి, మార్చకపోతే అది దోమల గుంత. అసోసియేషన్ మీటింగులో లిఫ్టు గురించి గంట మాట్లాడుకుంటారు కదా, దీనికి పది నిమిషాలు.

ఒక సంగతి మీకు నచ్చుతుంది. తిరుమల శాసనాల్లో, విజయనగర కాలంలో భక్తులిచ్చిన డబ్బుతో గుడి ఊళ్లలో చెరువులూ కాలువలూ తవ్వించి, పెరిగిన పంటలోంచి స్వామికి నైవేద్యం జరిపించడం కనిపిస్తుంది. మొక్కు తీర్చుకున్నట్టూ అయ్యేది, మడి తడిసినట్టూ అయ్యేది.

ప్రశ్న: చాలా ఏళ్లకు మా చెరువు నిండి మొరవ పోయింది, అంటే అదనపు నీళ్లు పొర్లిపోయాయి. గంగమ్మకు పొట్టేలు కొట్టాలి. ఆయకట్టు రైతులే ఖర్చు పెట్టాలని కొందరు, ఊరంతా అని కొందరు. మీరేమంటారు?

శుభం! వెనకటి పద్ధతి ఎకరాకింత అని ఆయకట్టుదారులే వేసుకోవడం, ఎందుకంటే అప్పుడు చెరువు నీళ్లు తూములోంచి మాత్రమే అందేవి. ఇప్పుడు మీ చెరువు చుట్టూ ఎన్ని బోర్లున్నాయో లెక్కపెట్టండి. చెరువు నిండితే ముందు లేచేది ఆ బోర్లే, తూము దాకా రాకుండా కింద నుంచి తాగేదీ అవే. కాబట్టి బోరుకింత అని కూడా వేయండి, ఆయకట్టు లోపలైనా బయటైనా. ఆ పుస్తకంలోనే ఎవరి బోరు ఎన్నడుగులో, ఇప్పుడు మట్టం ఎంతో పక్కన రాసుకోండి, ఖర్చేమీ లేదు, ఎలాగూ ఇంటింటికీ తిరుగుతారు కదా. పొట్టేలు తలకాయ ఎవరికన్న గొడవ మాత్రం నా దాకా తేవద్దు.